అప్పును తప్పును

అప్పుపడినవాడు తప్పు చేసినవాడగునా? ఈ ప్రశ్న మనలో పదిమంది నడిగిన తొమ్మండుగురు "కాడు" అని తడుముకొనక చెప్పుదురు. కాని ఆ తొమ్మండుగురును తమకు బాకీపడినవానితో మాటాడునప్పుడు గొంతుక ఎట్లు మారునో, తాము బాకీపడినవాని యింటిముందునుండి నడువవలసివచ్చినపుడు తల ఎట్లు వంగునో గమనించినచో నోటిమాట యొకటియు మనసులోని నమ్మక మింకొకటియు నని తెలియును. ఈ నమ్మకము మనకెక్కడనుండి వచ్చినది? కొంతవరకు ధర్మశాస్త్రములనుండి, కొంతవరకు బజారునుండి. కాని శాస్త్రముకంటెను బజారుకంటెను పాతది భాష. ఒక జాతి తన బాధ్యతలను ఏ క్రియతో చెప్పుకొనునో ఆ క్రియ పుట్టుక నడిగి చూచిన కొన్ని సంగతులు బయటపడును.

అట్టి క్రియలలో నన్ను చాలకాలముగా వెంటాడుచున్న దొకటి డేనిష్ భాషలోనిది. డేనులతో మనకేమి పొత్తని పాఠకులు సందేహింపవచ్చును. వారు 1620లో తరంగంబాడియందు కోటకట్టి 1845 వరకు నచట నుండిరి. వంగదేశమున హుగ్లీ యొడ్డునగల శ్రీరామపురమును వారిదే. విలియం కేరీ కూర్చిన తెలుగు వ్యాకరణము 1814లో ఆ యూర నచ్చయినది. మన భాష పోలికలను మొదట తరచిచూచిన పాశ్చాత్యులలో నొకడైన ఎల్లిసు, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో నొక కుటుంబమునకు చెందినదనియు 1816లో ప్రకటించెను. రెండేండ్ల తరువాత, 1818లో, రాస్క్ అను డేనిష్ పండితుడు యూరపు భాషల అక్షరముల మార్పునకు నియమము కలదని చూపుచు గ్రంథము ప్రకటించెను. తెలుగున పాలు, పులి, పల్లి యగునవి కన్నడమున హాలు, హులి, హళ్ళి యైనట్లే, ఇంగ్లీషున షిప్, షూ, ఫిష్ అని షకారము పలుకుచోట డేనిష్‌లో స్కిబ్, స్కో, ఫిస్క్ అని 'స్క' వినబడును. ఇంగ్లీషువారి 'షల్' డేనులకు 'స్కల్'. ఈ సూత్రము పట్టుకొనిన మన క్రియ దొరకును.

ఆ క్రియ 'స్క్యుల్దె'. వ్రాతలో దకారముండును, పలుకులో నది వినబడదు. అర్థము: బాకీపడియుండుట. ఒకడు నీకు పది క్రోనులు ఈయవలసియున్నచో ఈ క్రియనే వాడును. దీనికి మూలమైన నామము 'స్క్యుల్ద్'. దీనికి నేటి యర్థము నేరము, దోషము. దీనినుండియే 'స్క్యుల్దిగ్', అనగా దోషి. న్యాయాధిపతి నేరస్థుని గూర్చి చెప్పుమాటయు, దుకాణదారుడు బాకీదారుని గూర్చి చెప్పుమాటయు ఒక్క కుదుటివి. ఇంకను వెనుకకు పోయిన, జర్మానిక్ భాషలన్నిటికి ఉమ్మడిదైన 'స్కుల్' అను ధాతువు కనబడును. నాలుగవ శతాబ్దమున బైబిలును భాషాంతరీకరించిన గాతిక్ భాషలో అప్పుపడుటకును, చేయవలసియుండుటకును ఈ యొక్క క్రియయే. ఇంగ్లీషున 'షల్', 'షుడ్' అనునవి దీని సంతానమే. మన బాలురు బడిలో భవిష్యత్కాల చిహ్నమని వల్లెవేయు ఆ 'షల్' మొదట "నేను ఋణపడియున్నాను" అను అర్థము గలది! జర్మన్ భాషలో 'షుల్ద్' అను నొకే మాట ఋణమునకును అపరాధమునకును చెల్లును. ఉత్తరదేశముల పాతపురాణములలో మానవుల విధిని నిర్ణయించు ముగ్గురు దేవతలు కలరు. వారిలో నొకతె పేరు స్కుల్ద్. రాబోవుకాలము ఆమె యధీనము. రాబోవునది యనగా చెల్లింపవలసినది. ఆ జాతివారికి కాలమే యొక పెద్ద నోటు.

ఇంత కఠినమైన ధాతువునుండి ఒక మెత్తని మాటయు పుట్టినది. కోపెన్‌హాగెన్ వీథులలో ఒకరికొకరు తగిలినపుడు, లేదా దారి యడుగుటకు పరాయివానిని పలుకరించునపుడు 'ఉన్‌స్క్యుల్ద్' అందురు. "దోషమును తొలగింపుము" అని దాని యవయవార్థము. మరియు "నాకొరకు", "నీకొరకు" అని ప్రేమతో చెప్పుటకును వారు 'స్క్యుల్ద్' శబ్దమునే వాడుదురు. ఒకని కొరకు చేయుట యనగా వాని పద్దున చేయుట యని కాబోలు!

జర్మన్ తత్త్వవేత్త నీషే 1887లో నీతియొక్క వంశావళిని గూర్చి వ్రాయుచు, పాపమను భావమే అప్పునుండి పుట్టినదని వాదించెను. అప్పిచ్చినవాడు పుచ్చుకొన్నవాని దేహమును హింసించుటకు హక్కుగలిగియుండిన పాతదినములలో మనిషికి అంతరాత్మ యనునది మొలిచెనని యతని తలంపు. వాదము గట్టిదే కాని, ఒక భాషాకుటుంబముయొక్క మాటనుబట్టి మానవజాతి కంతటికి అంతరాత్మ పుట్టుక చెప్పుట సాహసము. ఆ కుటుంబమునకు దూరపు చుట్టమైన మన సంస్కృతమును చూడుడు. ఋణశబ్దమునకును స్క్యుల్ద్ శబ్దమునకును ధాతుసంబంధము లేదు. బుద్ధిసంబంధము మాత్రము చాల గలదు. వేదమున, ముఖ్యముగా వరుణుని గూర్చిన సూక్తములలో, ఋణము అపరాధార్థమునకును పోవును. పుట్టినవాడు దేవ ఋషి పితృ ఋణములు మూటితో పుట్టునని తైత్తిరీయ సంహిత చెప్పును. పాణిని సూత్రములలో అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, పుచ్చుకొన్నవాడు అధమర్ణుడు. వ్యాకరణమున ఇది పారిభాషికమే కావచ్చును. కాని పదిమంది వినగా ఒకనిని అధముడని పిలుచుచు "ఇది పారిభాషికము" అని యోదార్చిన నెవ్వడు ఊరడిల్లును? మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బాకీ వసూలునకు ఐదు ఉపాయములు చెప్పబడినవి. వానిలో మోసము నున్నది, బలాత్కారము నున్నది. ఆచరితమను ఇంకొక యుపాయమునకు, వాని యాలుబిడ్డలను పశువులను పట్టి వాకిట కూర్చుండుట యని బృహస్పతివచనము ననుసరించి వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. అదే యధ్యాయమున వడ్డీ అసలునకు రెట్టింపును మించరాదను నియమమును గలదు. ఈ రెండవ సంగతిని మనవారు అంతగా జ్ఞాపకముంచుకొనలేదు.

ఇక తెలుగు. మన భాషలో బాధ్యతను చెప్పుటకు ప్రధానమైన క్రియ 'వలయు'. చేయవలెను, రావలెను, ఈయవలెను. ఈ వలయు అనునది వలచు, వలపు అనువాని తోబుట్టువు. కోరుటయే దాని మొదటి యర్థము. ఇంగ్లీషువాడు "చేయుటకు బాకీపడియున్నాను" అని ప్రారంభించినచోట తెలుగువాడు "చేయుట కోరబడుచున్నది" అని ప్రారంభించెను. మరి తప్పు? అదియు బాకీనుండి పుట్టలేదు. గురి తప్పుట, దారి తప్పుట, మాట తప్పుట: చేరవలసినచోటికి చేరకపోవుట తప్పు. గ్రీకులును పాపమును గురితప్పుటగానే చెప్పుకొనిరి. తమిళమునను తప్పు అనునది ఈ యర్థములనే యిచ్చును. అప్పు, తప్పు అను మాటలకు ప్రాస కుదిరినది గాని చుట్టరికము కనబడదు. ఆ ప్రాసయే మనలను మోసగించినదేమో!

అప్పునకు మన భాష జతపరచిన క్రియ తీరుట, తీర్చుట. ఇక్కడ కొంచెము నిలువవలసియున్నది. సంస్కృతము చదివినవాడు దీనిని చూడగానే తీరశబ్దమునుండి వచ్చినదని తొందరపడును. ఒడ్డుచేరుట యనగా ముగియుట, చక్కగా సరిపోవుచున్నది. ధాతుపాఠమున చురాదులలో కర్మసమాప్తి యర్థమున 'తీర' ధాతువును గలదు. తీర్పు చెప్పబడిన వ్యవహారమును మనుస్మృతి తీరితమని పిలుచును. అశోకుని స్తంభశాసనములలో నొకదానియందు శిక్ష నిర్ణయింపబడినవారికి మూడుదినముల గడువిచ్చు సందర్భమున ఈ మాటయే ప్రాకృతరూపమున నున్నది. అయినను తమిళ, మలయాళ, కన్నడ, తుళు భాషలన్నిటను తీర్ అను ధాతువు కాలూనియున్నది; ఒక్క నామము నెరవు తెచ్చుకొన్న భాష యిట్టి క్రియాకుటుంబమును పెంచుట యరిది. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున దీనికి స్థానమున్నది. ఆ నిఘంటువును, భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువులను పరిశోధించి వ్రాసిన గ్రంథమును 1961వ సంవత్సరముననే వెలువడినవి. ఇట్టి చర్చలలో పుస్తకములతోబాటు పల్లెలోని నోరును సాక్ష్యమునకు పిలువవలెనని మనకు నేర్పినవారు ఈ సీమవారైన గిడుగు రామమూర్తి పంతులుగారు. నేనిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచిన వారు నవ్వియుందురు గాని, వారి పద్ధతిని మాత్రము విడువను.

పలాసలోను టెక్కలిలోను ఈ తీరు అను క్రియ ఎన్నిచోట్ల తిరుగుచున్నదో వినుడు. దాహము తీరును. ఆకలి తీరును. కోరిక తీరును, తీరకయు పోవును. పని యొత్తిడి తగ్గిన తీరిక. న్యాయస్థానమున తీర్పు. సర్కారునకు కట్టునది తీరువ. ఇంటిముందు ముగ్గు తీర్చుదురు; పెండ్లికూతురునకు తిలకము తీర్చుదురు; కుదురైనది తీరైనది. "చేసి తీరవలెను" అన్నచో 'షల్' కన్నను గట్టియైన విధి. ఇన్ని యర్థములలో నెచటను నేరము వాసన లేదు. దాహము గలవాడు దోషి కాడు. దాహము తీరవలసిన యవస్థ. అప్పును మన పూర్వు లీ వరుసలో కూర్చుండబెట్టిరి. ఒక కొరత యున్నది, అది నిండవలెను, నిండిన తరువాత పద్దు ముగిసినది.

ఈ మాటల తర్కము పండితుల కాలక్షేపము కాదనుటకు ఉద్దానమే సాక్ష్యము. ఉద్యానమను పేరే ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతముల కొబ్బరితోటలును జీడితోటలును చూచినవారికి ఆ పేరు అతిశయోక్తి యనిపించదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినది. తండ్రులు పాతిన చెట్లు ఆ యుదయమునకు నేలపైనుండెను. అంతకుముందు చాలయేండ్లనుండియే ఈ గ్రామములను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దాని కారణమును నేటికిని వైద్యులు నిశ్చయింపలేకున్నారు. 2023 డిసెంబరులో పలాసయందు ఆ వ్యాధికొరకు పరిశోధనాలయముతో గూడిన ఆసుపత్రి తెరువబడినది. డయాలిసిస్‌నకు ప్రభుత్వమే వెచ్చించినను వారమునకు రెండు మూడు దినములు రోగియు, రోగితోడి మనిషియు కూలి పోగొట్టుకొందురు. దారిఖర్చు, మందులు, మునుపటి విశాఖపట్టణపు వైద్యము, అన్నియు కలసి నోటుగా మారును.

నాయొద్ద చదువుకొనిన బాలిక యొకతె తండ్రి ఈ వ్యాధితో పోయెను. తోట పోయినది మొదట, తండ్రి పోయినది తరువాత. తల్లి జీడిపప్పు కార్ఖానాలో పొట్టుతీయు పనికి పోవుచుండెను. అప్పిచ్చినవాడు దుర్మార్గుడు కాడు. వడ్డీ కొంత విడిచెనని విన్నాను. బాలికకు బహుమతి వచ్చిన దినమున తల్లిని బడికి రమ్మని కబురుచేసితిని. ఆమె గేటువరకు వచ్చి చింతచెట్టు చాటున నిలిచినది. లోనికి రమ్మనగా, "అప్పున్నోలం గదా మేస్టారూ, నలుగురిలోకి ఏ మొకమెట్టుకొని వస్తాం?" అన్నది. ఆమె చేసిన నేరమేమి? మగనిని బ్రతికించుకొనజూచినది. ఆమె నెవరును నిందింపలేదు. నింద ఆమె నోటిలోనే సిద్ధముగా నున్నది. ఉత్తరసముద్రపు టొడ్డున పుట్టిన స్క్యుల్ద్ ఆ చింతచెట్టు క్రింద నిలిచినట్లు నాకు తోచెను. మన భాష ఈయని సిగ్గును మన సంఘమామె కిచ్చినది.

ఇచట నొక యాక్షేపణము వచ్చును. అప్పు తప్పు కాదని బోధించిన నింక తీర్చువాడెవడు? సిగ్గే గదా మాట నిలుపునది? ఈ యాక్షేపణము తేలికది కాదు. ఉద్దానములో అప్పిచ్చువారందరు ధనికులును కారు. కూతురి పెండ్లికి దాచినది పొరుగువాని వైద్యమునకిచ్చి వాపోవువారును కలరు. తీర్చగలిగియు తీర్చనివాడు నిశ్చయముగా తప్పు చేసినవాడే. ఏలనన నతడు మాట తప్పెను. అచట తెలుగుమాట సరిగా తగులుచున్నది. తప్పు అప్పుపడుటలో లేదు, మాట తప్పుటలో నున్నది. తీర్చవలెనని కోరుచు తీర్చలేనివాడు వేరు. ఈ యిరువురిని ఒక్క త్రాట కట్టుటే స్క్యుల్ద్ బుద్ధి. మరియొక సంగతి: సిగ్గుపడినవాడు తీర్చునని మన నమ్మకము గాని, సిగ్గుపడినవాడు దాగుకొనును, ఒక యప్పు తీర్చుటకు ఇంకొక చోట రహస్యముగా హెచ్చువడ్డీకి తెచ్చును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే తీసికొనును. సిగ్గులేని చేబదులు చూడుడు. పొరుగింటినుండి తవ్వెడు బియ్యము చేబదులు తెచ్చుకొన్న యిల్లాలు తలవంపక మరునాడో మూడవనాడో తిరిగి యిచ్చును. ఏ గ్రామమునను చేబదుళ్ళు ఎగవేయబడి వంటలు నిలిచినవని విన్నామా?

చట్టము ఈ విషయమున మనకంటె ముందు నడచినది. 1938లో మద్రాసు రాష్ట్రమున రైతుల ఋణవిమోచన చట్టము వచ్చినపుడు ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనుండెను. అసలునకు రెట్టింపు ముట్టచెప్పిన రైతుయొక్క అప్పు పూర్తిగా తీరినట్లే యని ఆ చట్టము చెప్పెను. పుణ్యపాపముల ప్రసక్తి లేదు. లెక్క తీరినది, అంతే. తండ్రి అప్పు తీర్చుట కొడుకునకు పుణ్యకార్యము గనుక వానిని బద్ధుని చేయవచ్చునను పాతసిద్ధాంతమును 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము తొలగించినది. అయితే ప్రభుత్వముల నోటనుండి వచ్చు మాటలు మాత్రము వెనుకకు నడచుచున్నవి. 1938లో విమోచనమనగా విడుదల. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రములలోను వినబడినది ఋణమాఫీ. మాఫీ యనగా క్షమాపణము. క్షమింపబడుటకు రైతు ఏ నేరము చేసెను? మంచిపనికి చెడ్డపేరు పెట్టినారు.

ఇంతవరకు ధనమును గూర్చి చెప్పితిని. మన యిండ్లలో దీనికి ప్రతిరూపమైన దోషము మరియొకటి గలదు; దానిని చెప్పక విడుచుట న్యాయము కాదు. అప్పును పాపము చేసిన చేతులతోనే మనము ప్రేమను అప్పు చేసితిమి. "నిన్ను కని పెంచిన ఋణము తీర్చుకొనుము" అని కొడుకును, అంతకంటె నెక్కువగా కూతురును, వినుచుండవలసివచ్చును. చదువు మానుము, ఈ సంబంధము నొప్పుకొనుము, మా మాట కెదురాడకుము: వీనియన్నిటి వెనుకను ఆ పద్దు తెరువబడి యుండును. బిడ్డ సంతకము లేకయే వ్రాయబడిన నోటది. దానికి రెట్టింపు నియమమును లేదు, కాలదోషమును పట్టదు. పితృఋణమను మాటను మన పెద్దలు సంతానము వంశమును నిలుపుటకు చెప్పిరి. మనము దానిని వసూలుపద్దు చేసితిమి. పాలు త్రాగిన బిడ్డకు దాహము తీరినది. తల్లికి రావలసినది లేదు. ఆ బిడ్డ పెరిగి తల్లికి అన్నము పెట్టవలెను. ఇచట వలయు అను క్రియను దాని మొదటి యర్థమున, అనగా కోరిక యను నర్థమున, నిలువనిచ్చినచో ముసలితల్లికిని మర్యాద, బిడ్డకును స్వేచ్ఛ.

మన క్రియను నేను మిక్కిలి పొగడితినని యనుకొనకుడు. పగయు తీర్చుకొందుము, కసియు తీర్చుకొందుము. ఎదుటివాడు కొట్టిన దెబ్బ మనయొద్ద అప్పుగానుండి తిరిగి చెల్లింపబడిన గాని మనసు కుదుటపడదను బుద్ధి ఈ మాటలలోనున్నది. డేనిష్ భాషలోను ఉపకారమునకు ప్రత్యుపకారము చేయుటకును, దెబ్బకు దెబ్బ తీయుటకును చెల్లు క్రియ యొకటి గలదు. ఏ భాషయు నీతికి పూచీపడదు. డేనులు తమ క్రియ యెట్టిదైనను రోగముతో కుటుంబము బాకీపడకుండ ప్రజల పన్నులతో వైద్యము చేయించుచున్నారు. మన క్రియ యెంత మెత్తనిదైనను చింతచెట్టు చాటున ఒక స్త్రీ నిలువవలసివచ్చినది.

తుపాను తరువాత ఉద్దానమున మరల కొబ్బరిమొక్కలు నాటినారు. నాటు కొబ్బరి కాపునకు రావలెనన్న ఆరేడేండ్లు పట్టును. నోటు గడువు మూడేండ్లు. తీర్చనిచో ఆలోగా వడ్డీని అసలున కలిపి తిరిగి వ్రాయవలెను. మొదటి కాయ దిగులోపల ఆ నోటు రెండుమార్లు తిరుగవ్రాయబడును. ఈ లెక్క అప్పిచ్చువారికిని తెలియును, పుచ్చుకొనువారికిని తెలియును. చెట్టు గడువునకు నోటు గడువును సరిపెట్టుట ఎవరికిని అసాధ్యము కాదు. సహకార సంఘములును, బ్యాంకులును, గ్రామములోని పెద్దమనుష్యులును కూర్చుండి మాటాడుకొనవలసిన సంగతి. ఆ స్త్రీ పాతిన పదునొకండు మొక్కలలో తొమ్మిది బ్రతికినవని ఆమె కూతురు మొన్న చెప్పినది.